ఆస్ట్రకాడ్ల వర్ణన, గుర్తింపు: మన్నార్ నుంచి నిర్మల్ దాకా

ఆస్ట్రకాడ్లు రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలు. రెండు సున్నపు చిప్పల మధ్య ఒళ్లంతా దాచుకుని బతికే ఈ క్రస్టేషియన్లు చాలామట్టుకు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా, ఆవగింజ కన్నా చిన్నవిగా ఉంటాయి. సముద్రపు అడుగు మట్టిలోనూ ఉప్పుటేళ్లలోనూ వరిమళ్లలోనూ కనిపిస్తాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాత్రేయ్ 1802లో ఈ వర్గానికి పేరు పెట్టాడు.

ఒకప్పుడు మదురై నాయక రాజులు ముత్యాల వేటలో వాటా పుచ్చుకున్న మన్నార్ సింధుశాఖలో ఈ జీవుల లెక్క తేలింది కూడా ముత్యాల పుణ్యమానే. శ్రీలంక వైపు ముత్యపు చిప్పల పరిస్థితి పరిశీలించడానికి లివర్‌పూల్ ప్రొఫెసర్ విలియం హెర్డ్‌మన్ 1902లో వచ్చాడు. ఆయన నివేదికను రాయల్ సొసైటీ 1903 నుంచి 1906 దాకా ఐదు సంపుటాలుగా అచ్చువేసింది. అందులో ఆస్ట్రకాడ్ల భాగం 1905లో ఆండ్రూ స్కాట్ రాసినది. హెర్డ్‌మన్‌కు తోడు వచ్చిన జేమ్స్ హార్నెల్ తర్వాత మద్రాసు మత్స్యశాఖకు అధిపతి అయ్యాడు.

ఈవలి గట్టున, తూత్తుకుడి దగ్గరి సముద్రపు అడుగున బతికే ఆస్ట్రకాడ్లపై మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.ఎం. హుస్సేన్ 1998లో పరిశోధన ప్రచురించారు. తెలుగు తీరంలో అంతకు ముందే, 1980లలో, సి. అన్నపూర్ణ, డి.వి. రామశర్మ భీమిలి ఉప్పుటేటినీ బాలచెరువునూ జల్లెడ పట్టారు.

ఒక జాతిని వర్ణించడమంటే ముందుగా చిప్పను చదవడం. పొడవు, ఎత్తు, రెండు చిప్పల్లో ఏది పెద్దది, పైన గళ్లున్నాయా ముళ్లున్నాయా, కీలులో పళ్లెలా అమరాయి, అంచుల్లో రంధ్రనాళాలు ఎన్ని, ఇవన్నీ నమోదు చేయాలి. లోపలి వైపు కండరాలు అతుక్కున్న మచ్చలు మరీ ముఖ్యం. సైథీర్ కుటుంబాల్లో సాధారణంగా నాలుగు మచ్చలు నిలువు వరసలో ఉంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక ఈ వివరాలకు చేతి బొమ్మల అవసరం తగ్గింది. 1973లో మొదలైన ‘స్టీరియో అట్లాస్ ఆఫ్ ఆస్ట్రకాడ్ షెల్స్’ పూర్తిగా అలాంటి ఫొటోల మీదే నడిచింది. చివరగా ఒక నమూనాను ‘హోలోటైప్’గా ఎంచి మ్యూజియంలో భద్రపరుస్తారు. పేరు మీద తగాదా వస్తే సాక్ష్యం అదే.

పేర్లు మాత్రం నిలకడగా ఉండవు. సండర్‌లాండ్‌లో వైద్యం చేస్తూనే చాలెంజర్ నౌక తెచ్చిన ఆస్ట్రకాడ్లను 1880లో వర్ణించిన జి.ఎస్. బ్రాడీ, 1868లో ఒకదాన్ని ‘సైథీర్ డెమిస్సా’ అన్నాడు. ఇప్పుడది ‘కైజియా డెమిస్సా (బ్రాడీ, 1868)’. బ్రాడీ పేరు చుట్టూ ఉన్న ఆ కుండలీకరణాలు ప్రజాతి మారిందని చెప్పే గుర్తు.

చిప్ప మోసం కూడా చేస్తుంది. పెద్దదయ్యేలోపు చాలా ఆస్ట్రకాడ్లు ఎనిమిదిసార్లు పెంకు విడుస్తాయి. పిల్ల చిప్పను చూసి కొత్త జాతి అనుకోవడం తేలిక. ఆడ, మగ చిప్పల ఆకారంలో కూడా తేడా ఉంటుంది. ‘సైప్రిడైస్ టొరోసా’ ఉప్పు తక్కువైన నీళ్లలో పెరిగితే చిప్పపై గడ్డలు లేస్తాయి. ఈ గడ్డల రూపాన్నీ నున్నటి రూపాన్నీ కొంతకాలం రెండు జాతులుగా లెక్కించారు. అందుకే జంతుశాస్త్రజ్ఞులు చిప్ప తెరిచి కాళ్లనూ మీసాలనూ, ముఖ్యంగా మగజీవి జననాంగాలనూ చూడాలంటారు. ఆ పట్టు న్యాయమైనదే. కానీ శిలాజానికి కాళ్లెక్కడివి?

ఈ చిక్కు మంచినీటి జాతికీ తప్పలేదు. మద్రాసు సైనిక వైద్యుడు మాల్కమ్‌సన్ దక్కన్ నల్లరాతి ప్రాంతంలో, నిర్మల్ కొండల మీదుగా తిరిగి శిలాజాలు సేకరించాడు. వాటిలోని ఆస్ట్రకాడ్లకు ఇంగ్లండు ప్రకృతి శాస్త్రజ్ఞుడు సోవర్బీ 1840లో ‘సైప్రిస్ సబ్‌గ్లోబోసా’, ‘సైప్రిస్ సిలిండ్రికా’ అని పేర్లు పెట్టాడు. రెండోది తర్వాత ‘మంగోలియనెల్లా’ ప్రజాతికి మారింది. మొదటి పేరును ఆసియా వరిమళ్లలో నేడు ఈదుతున్న ఆస్ట్రకాడ్‌కు కూడా వాడుతున్నారు. ఆరు కోట్ల ఏళ్లు దాటిన ఆ చిప్పా, ఈ ప్రాణీ నిజంగా ఒకే జాతా అన్నది నిపుణుల మధ్య వివాదంగానే ఉంది.