గొర్రె గ్రంథి నుంచి మైక్రోగ్రాము దాకా

కిందటి ఉగాది భోజనాల దగ్గర ఒక పెద్దావిడ సంతోషంగా చెప్పారు: "డాక్టరు బాబూ, నా థైరాయిడ్ 40 నుంచి 2కి దిగింది. జబ్బు పోయిందని మూడు నెలల క్రితమే మాత్ర మానేశాను." ఆవిడ మొహం అప్పటికే ఉబ్బి ఉంది, గొంతు బొంగురుపోయింది. ఆవిడకు ఆ రోజు చెప్పిన సంగతే ఇక్కడ వ్రాస్తున్నాను. బాగా చదువుకున్న మనవాళ్ళు కూడా ఈ అంకెను తలక్రిందులుగానే చదువుతున్నారు.

ఈ మందు చరిత్ర గొర్రెలతో మొదలైంది. గొర్రెల దేశంలో కాపురముంటున్న మనకు ఇది ముచ్చటైన విషయమే. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జి మర్రే అనే యువ వైద్యుడు, థైరాయిడ్ చచ్చుబడిన 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చాడు. తరువాత నోటి ద్వారా ఇస్తూ వచ్చాడు. ఆమె 1919 వరకు బ్రతికింది. అన్నేళ్ళలో ఆమె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు ఖర్చయ్యాయి. కాని ఒక గొర్రె గ్రంథి బలం మరో దానికి ఉండదు. వాపు, నాడి, బరువు చూసి డాక్టరు అందాజుగా మోతాదు వేయవలసిందే.

1914 డిసెంబరు 25న అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. 1920లలో ఇంగ్లండులో హారింగ్టన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. మందు శుద్ధమైంది గాని, ఎంత చాలునో చెప్పే కొలత ఇంకా రాలేదు.

థైరాయిడ్ పరిశోధనలో న్యూజీలాండుకూ వాటా ఉంది. నేలలో అయోడిన్ తక్కువైన ఈ దేశంలో ఒకప్పుడు గొంతువాపు మామూలు. 1924లో అయోడిన్ ఉప్పు వచ్చింది. డునెడిన్‌లో ఆడమ్స్, పర్వెస్ థైరాయిడ్‌ను ప్రేరేపించే పదార్థాలను గినీపందులలో కొలుస్తూ, 1956లో ఆ గ్రంథి అతిగా పనిచేసే రోగుల రక్తంలో ఒక కొత్త ప్రేరకాన్ని గుర్తించారు. 1960లలో రేడియోధార్మిక పద్ధతితో మనిషి రక్తంలోనే టి.ఎస్.హెచ్.ను కొలవగలిగారు. అప్పుడు తేలింది, రోజూ 200, 300 మైక్రోగ్రాములు మింగుతున్న ఎందరికో అది ఎక్కువేనని. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవారికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోతుంది. అంటే 60 కిలోల మనిషికి 100కు అటూ ఇటూ. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి తక్కువతో మొదలుపెడతాం.

ఇక అంకె సంగతి. టి.ఎస్.హెచ్. థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు క్రింద ఉన్న పిట్యూటరీ గ్రంథి వేసే కేక. కూలి పని చేయకపోతే మేస్త్రి గొంతు పెంచుతాడు, పని సాగితే తగ్గిస్తాడు. అంకె దిగిందంటే జబ్బు పోయిందని కాదు, మాత్ర పనిచేస్తోందని. మేస్త్రి ఊరుకున్నాడు గదా అని కూలిని పంపేస్తే గోడ లేస్తుందా?

రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికి వారం పడుతుంది. కనుక మోతాదు మార్చాక ఆరు వారాలు ఆగి పరీక్ష చేయించాలి. మాత్రను పరగడుపున మంచినీళ్ళతో, కాఫీకి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు పెంచాలన్నా, తగ్గించాలన్నా మీ డాక్టరును అడగకుండా వద్దు.

ఆవిడ మర్నాడే తన డాక్టరు దగ్గరకు వెళ్ళారు. దసరా నాటికి బొంగురు పోయి, మళ్ళీ పాట పాడారు. ఇప్పుడు మేస్త్రి కథ మనవాళ్ళకు చెబుతున్నది ఆవిడే.