అడగకుండా కట్టిన మూటలు

నా చదువంతా సింగపూర్‌లో, ఇంగ్లీషు మీడియంలో. తెలుగు అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

ఈసారి నాకు దొరికిన మాట 'ఉప్పెన'. సముద్రం పొంగి ఊళ్ల మీద పడటం. మా అమ్మ 1977 నవంబరు 19 నాటి దివిసీమ గురించి చెప్పేటప్పుడు ఈ మాట అనేది. అది తుఫానుతో వచ్చింది. 2004 డిసెంబరు 26న వచ్చింది భూకంపంతో. అయినా టీవీలో ఆచే చూస్తూ అమ్మ "ఉప్పెన" అనే అంది.

ఆచే ఇండోనేషియాలో, సుమత్రా దీవికి ఉత్తర కొస. అక్కడ చనిపోయినవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి లక్షా అరవై వేలకు పైనే. కానీ కష్టం అంతకు ముందే ఉంది. విడిపోవాలన్న 'గామ్' అనే దళానికీ ప్రభుత్వానికీ 1976 నుంచి పోరు. 2003 మేలో సైనిక పాలన పెట్టారు, బయటి దేశాల సంస్థలకు తలుపు దాదాపు మూసేశారు. అలాంటి చోట బియ్యం బస్తా ఎవరి చేతికి ఇవ్వాలి?

సింగపూర్ సైన్యం పడమటి తీరంలోని మెలాబోకు వెళ్లింది. రోడ్లు తెగాయి, రేవు పోయింది. ఎండ్యూరెన్స్ ఓడలో వెళ్లినవాళ్లు ఒడ్డున శిథిలాలు తీసి, పడవలు దిగే చోటు చేశారు. ముందు దారి, తర్వాత బియ్యం. ఇండోనేషియా సైన్యంతో పాత పరిచయం ఉండటం, వాళ్ల భాష వచ్చినవాళ్లు ఉండటం కూడా పనికొచ్చాయి.

మరి మేం? మా గుడిలో పాత బట్టలు పోగుచేశాం. రెండు రాత్రులు కూర్చుని నేనే మూటలు కట్టాను. చీరలు, పొట్టి చేతుల జాకెట్లు! మలయ్ పొరుగావిడ చూసి మెల్లగా అడిగింది, "అక్కా, ఆచే ఆడవాళ్లు ఇవి కట్టుకుంటారా?" నాకు సిగ్గేసింది. అడగనిదే అమ్మయినా పెట్టదు అంటారు కదా, మేం అడగకుండానే పెట్టబోయాం. 2006లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ నివేదిక కూడా ఇలాంటి మాటే చెప్పింది: మొదటి రోజుల్లో ప్రాణాలు కాపాడింది ఎక్కువగా స్థానికులే, బయటివాళ్లు వాళ్లను పక్కన పెట్టేశారు అని.

అదే అల శ్రీలంకలోనూ పడింది. అక్కడ కూడా యుద్ధమే. సాయం పంచుకోవడానికి ప్రభుత్వం, పులులు 2005 జూన్‌లో ఒప్పందం రాసుకున్నారు. జూలైలో సుప్రీంకోర్టు ముఖ్యమైన భాగాలు ఆపింది. మరుసటి ఏడాది మళ్లీ పెద్ద యుద్ధం. ఆచేలో మాత్రం 2005 ఆగస్టు 15న హెల్సింకిలో శాంతి ఒప్పందం కుదిరింది. సునామీ వల్లే శాంతి వచ్చింది అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మాటలకు ఏర్పాట్లు సునామీకి ముందే మొదలయ్యాయి. గామ్ ఆయుధాలు అప్పగిస్తుంటే చూసిన బృందంలో యూరప్ వాళ్లతో పాటు సింగపూర్‌వాళ్లూ ఉన్నారు. ఇళ్లు కట్టే పని బీఆర్ఆర్ అనే ప్రత్యేక సంస్థకు ఇచ్చారు, అందులో అవినీతిని చూసుకోవడానికే ఒక విభాగం పెట్టారు. 2009లో మూసేసేనాటికి సుమారు 1,40,000 ఇళ్లు లేచాయి.

మేం చివరికి డబ్బు పోగుచేసి రెడ్‌క్రాస్‌కు ఇచ్చాం. నా మూటలు మాత్రం ఉగాది దాకా గుడి స్టోర్‌రూమ్‌లోనే ఉన్నాయి.