కైనెక్ట్, కుర్సీ, నాయినమ్మ బీడీల చాట

2012 దసరాకి ఊరికి పోయినప్పుడు నా బ్యాగులో బట్టల కన్నా వైర్లే ఎక్కువ. ఒక కైనెక్ట్ సెన్సారు, దాని అడాప్టరు, ఆఫీసు లాప్‌టాపు (మా మేనేజరుకి చెప్పకండి :-)). మాది ఆర్మూర్ పక్కన ఆలూర్. ఆ వైపు ఊర్ల పేరు చెప్తే అందరికీ ముందు గుర్తొచ్చేది పసుపు. నిజమే గానీ, పసుపు డబ్బులు ఏడాదికి ఒకసారి వస్తాయి. మా ఇంట్లో నెలనెలా ఉప్పూ పప్పూ నడిచింది బీడీలతో. వెయ్యి బీడీలకి ఇంత అని లెక్క. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు, దారం. నాయినమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలాగే కూర్చుని ఉంది.

నా ప్లాన్ చాలా సింపుల్ అనుకున్నాను. ఆమె బీడీ చుట్టే తీరుని మోషన్ క్యాప్చర్ చేసి, ఒక త్రీడీ ముసలమ్మ బొమ్మకి తగిలించి, రెండు నిమిషాల యానిమేషన్ చేద్దామని. ఒంటికి మార్కర్లు అంటించి చుట్టూ కెమెరాలు పెట్టే స్టూడియో పద్ధతి లక్షల్లో వ్యవహారం. కైనెక్ట్ అయితే మన జీతానికి అందేది.

అది ఎందుకు కుదర్లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మనిషి కదలికని పట్టుకునే యంత్రాలకి మొదటి నుంచీ నిలబడ్డ మనిషి మీదే మోజు. 1880లలో ఫ్రాన్సులో మారే అనే శాస్త్రవేత్త మనిషికి నల్ల బట్టలు తొడిగి, కాళ్లూ చేతుల వెంబడి తెల్ల చారలు పెట్టి, నల్ల గోడ ముందు నడిపించి ఫొటోలు తీశాడు. 1915లో మాక్స్ ఫ్లైషర్ రోటోస్కోప్‌కి పేటెంటు అడిగాడు. తమ్ముడికి జోకరు వేషం వేసి ఆడించి, ఆ ఫిల్ము మీద ఫ్రేము ఫ్రేముగా బొమ్మ గీశాడు. ఇద్దరికీ కావలసింది కాళ్లూ చేతులూ విడివిడిగా కనపడే శరీరం. కూర్చున్న మనిషిలో అదే ఉండదు. ఒక అవయవం ఇంకోదాన్ని కప్పేస్తుంది.

కైనెక్ట్ అమెరికాలో 2010 నవంబర్ 4న వచ్చింది, 149.99 డాలర్లకి. లోపలి డెప్త్ టెక్నాలజీ ప్రైమ్‌సెన్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీది (2013లో దాన్ని ఆపిల్ కొనేసింది). కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు గది మీద చల్లి, అవి ఎక్కడ ఎంత జరిగాయో చూసి దూరం లెక్కకడుతుంది. సెకనుకి 30 డెప్త్ చిత్రాలు. వారం తిరక్కుండానే హెక్టర్ మార్టిన్ దానికి ఓపెన్ సోర్స్ డ్రైవర్ రాసి, ఆడాఫ్రూట్ వాళ్లు ప్రకటించిన 3,000 డాలర్ల బహుమతి కొట్టేశాడు. ఇక అక్కడి నుంచి అది ఆటబొమ్మ కాదు, ల్యాబు పరికరం. మన లాంటి శనాదివారాల ప్రోగ్రామర్లకి పండగే పండగ.

అయితే డెప్త్ చిత్రంలోంచి అస్థిపంజరం ఎలా వస్తుంది? 2011లో జేమీ షాటన్ బృందం పేపర్లో ఇది వివరంగా ఉంది. ప్రతి పిక్సెల్‌నీ విడిగా తీసుకుని 'నువ్వు మోచెయ్యివా, మోకాలివా' అని అడుగుతారు. అలా 31 భాగాలు. జవాబు చెప్పేది డెసిషన్ ట్రీల గుంపు. మూడు ట్రీలకి పది లక్షల చిత్రాలతో ట్రైనింగ్ ఇవ్వడానికి వెయ్యి కోర్‌ల క్లస్టర్‌కి సుమారు ఒక రోజు పట్టిందట. ఆ చిత్రాలు నిజం మనుషులవి కావు, మోషన్ క్యాప్చర్ భంగిమలతో కంప్యూటర్లో తయారు చేసినవి. ఆ భంగిమలు ఏమిటో కూడా రాశారు: బండి నడపడం, డాన్సు, తన్నడం, పరుగు, మెనూల్లో తిరగడం వగైరా.

డ్రైవింగ్ ఉంది కాబట్టి కూర్చోవడం అసలే లేదనలేం. కానీ అది సీట్లో కూర్చోవడం. టీవీ ముందు ఆడుకునే వాళ్ల కోసం చేసినదానిలో నేల మీద సకిలం ముకిలం వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకునే మనిషి ఎవరికీ గుర్తు రాకపోవడంలో వింత లేదు. నేను తప్పు పట్టడం లేదు. ట్రైనింగ్‌లో ఏది పెడితే ప్రపంచం అదే అనుకుంటుంది ప్రోగ్రాము, అంతే.

2012 మే నెలలో ఎస్‌డీకే 1.5తో 'సీటెడ్ మోడ్' వచ్చింది. అది చదివే నేను ఎగిరి గంతేసి సెన్సారు మోసుకుపోయింది. మామూలు మోడ్‌లో 20 కీళ్లు, ఇందులో పదే: తల, భుజాల మధ్య, రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, రెండు చేతులు. నడుము నుంచి కిందికి వదిలేశారు. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. మామూలు మోడ్ మనిషిని వెనక గోడ నుంచి ఉన్న దూరంతో గుర్తిస్తుంది. కూర్చున్నవాడు కుర్చీకి అతుక్కుని ఉంటాడు కదా, అందుకని సీటెడ్ మోడ్ కదలికని చూసి ఇది మనిషి, ఇది సోఫా అని విడదీస్తుంది.

అంటే కదిలితేనే మనిషి. మా నాయినమ్మ పనిలో కదిలేవి వేళ్లు మాత్రమే.

"నాయినమ్మా, జరంత చేతులు ఊపవా?"

"ఎందుకురా, బస్సు ఆపుతున్ననా?"

ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. అస్థిపంజరం చక్కగా వచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆమె చేతులు ఆడలేదు. "కుర్సీల కూసోని బీడీలు ఎవలన్న చేస్తరా? చాట ఎక్కడ నిలుస్తది?" అని దిగిపోయింది. తెరలో అంతా సరిగ్గానే ఉంది, పనే అబద్ధం. కింద కూర్చున్నాక పని నిజం, తెరలో గోల. చెయ్యి, చాట, మోకాలు అన్నీ ఒకే దూరంలో ఉన్నాయి. చెయ్యి చుక్క ఎగిరి మోకాలి మీద వాలేది. దారం లాంటి సన్నటివి డెప్త్ చిత్రంలో ఎలాగూ రావు. పగలు అరుగు మీద ఎండకి ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు కలిసిపోతే, సాయంత్రం లోపల పెట్టాను. అప్పుడు కరెంటు పోయింది (2012 కోతలు గుర్తున్నాయి కదా?). దోషం నాదే. కుర్చీ కోసం చేసిన మోడ్‌ని నేల మీదికి దించింది నేను.

అసలు తప్పు మాత్రం వేరే ఉంది. 640 గుణించు 480 పిక్సెళ్లు, పిక్సెల్‌కి రెండు బైట్లు, సెకనుకి 30 ఫ్రేములు... నిమిషానికి దాదాపు 1.1 జీబీ. లాప్‌టాపులో చోటు లేదని డెప్త్ రికార్డింగు పడేసి, పది కీళ్ల బీవీహెచ్ ఫైలు ఒక్కటే ఉంచుకున్నాను. నాలుగు నిమిషాలది, ఈమెయిల్‌లో పట్టేంత. అప్పుడు చాలా తెలివైన పని అనుకున్నాను కూడా. యానిమేషన్ ఎటూ అవలేదు.

తర్వాత సరుకు మారింది. 2013 చివర్లో వచ్చిన రెండో కైనెక్ట్ 25 కీళ్లు చూసింది, బొటనవేలు సహా. దాని తయారీ 2017లో ఆపేశారు. 2019 అజ్యూర్ కైనెక్ట్‌కి 32 కీళ్లు, దాన్నీ 2023లో ఆపేశారు. ఈలోగా 2020లో గూగుల్ వాళ్ల బ్లేజ్‌పోజ్ మామూలు ఫోను కెమెరాతోనే 33 పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని పరీక్షించిన డేటాలో యోగా ఒక విభాగం. పద్మాసనం పుణ్యమా అని బాసింపట్టుకి గౌరవం దక్కిందన్నమాట. చేతికి విడిగా 21 పాయింట్ల మోడల్ 2019లోనే వచ్చింది.

2012 నాటి డెప్త్ రికార్డింగు ఉండి ఉంటే ఈ రోజు మళ్లీ కొత్త మోడల్‌తో ప్రయత్నించేవాణ్ణి. ఇప్పుడు నాయినమ్మ లేదు. బీవీహెచ్ టెక్స్ట్ ఫైలే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. బ్లెండర్‌లో పెడితే ఒక తల, రెండు భుజాలు కొంచెం ముందుకు వంగి ఉంటాయి. మూడో నిమిషంలో తల కుడివైపు తిరుగుతుంది, ఎవరో పిలిచినట్టున్నారు. ఆ తలతిప్పు ఆమెదే, ఎవరికి చూపించినా గుర్తుపడతారు. చేతులు మాత్రం ఆమెవి కావు, మోకాళ్ల మీద గెంతే చుక్కలు.

మా మేనత్త ఇంకా బీడీలు చేస్తుంది. పోయిన నెల రెండు ఫోన్లతో, ఒకటి ఎదురుగా, ఒకటి పైనుంచి, నలభై నిమిషాలు తీశాను, నేల మీదే. రెండు చేతులూ ఆకు మీద కలిసిన చోట ఏ వేలు ఎవరిదో మోడల్‌కి ఇప్పటికీ తికమకే, సరిగ్గా దారం చుట్టే ఘడియలోనే తప్పుతోంది. ఈసారి ముడి వీడియో మొత్తం మూడు చోట్ల దాచాను.