వేగానికి సాక్షి

కారు వెనక సీట్లో ఎడమవైపు కూర్చోండి. బెల్టు పెట్టుకోండి. ఇంగ్లండులో ఒక పల్లె రోడ్డు. రాత్రి కురిసిన వాన తడి ఇంకా ఆరలేదు. అక్కడా మనలాగే బండ్లు ఎడమవైపే నడుస్తాయి కాబట్టి స్టీరింగు కుడిపక్కనే ఉంది. దాని ముందు కూర్చున్నది అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ కోర్సు చేస్తున్న పోలీసు కానిస్టేబుల్. అతని పక్కన ఇన్‌స్ట్రక్టర్. మీ పక్కన ఇంకో ట్రైనీ తన వంతు కోసం చూస్తున్నాడు. ఇది ఫలానా రోజు జరిగిన పాఠం కాదు. ఆ దేశంలో పోలీసు డ్రైవర్లు తయారయ్యే పాఠం సుమారుగా ఇలా సాగుతుంది. అదీ స్కూలు బస్సులు, ట్రాక్టర్లు, సైకిళ్ల మీద పెద్దవాళ్లు తిరిగే మామూలు రోడ్డు మీద.

ట్రైనీ నోరు ఆగదు. కంటికి కనిపించిందల్లా పైకి చెప్పాలి.

"ముందు ఎడమ వంపు. పొదల మధ్య సందు ఉంది, పొలం గేటు అయ్యుంటుంది. రోడ్డు మీద పచ్చి బురద. ట్రాక్టరు ఇప్పుడే వెళ్లింది, వంపు తిరగ్గానే ఉండొచ్చు. తగ్గిస్తున్నాను."

తగ్గించాడు. వంపు తిరిగారు. ట్రాక్టరు ఉంది.

ఈ పైకి చెప్పడాన్ని కామెంటరీ అంటారు. ఇన్‌స్ట్రక్టర్‌కు ట్రైనీ చేతుల కన్నా అతని చూపు ఎక్కడుందో తెలియడం ముఖ్యం. చూపు పది గజాల ముందే ఆగిపోయినవాడి మాట ఆలస్యంగా వస్తుంది. మాట ఆలస్యమైందంటే బ్రేకూ ఆలస్యమవుతుంది.

తర్వాతి వంపులో మీరూ ముందుకు చూడండి. రోడ్డు రెండు అంచులూ ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి. దాన్ని లిమిట్ పాయింట్ అంటారు. అది మీ మీదికి వస్తున్నట్టుంటే వంపు బిగుస్తోంది, వేగం తగ్గాలి. దూరంగా జరుగుతుంటే వంపు విచ్చుకుంటోంది, వేగం పెంచొచ్చు. ఇదంతా ఒక్క సూత్రం కోసం. ఖాళీగా కనబడుతున్నంత దూరం లోపలే, తన వైపు రోడ్డు దాటకుండా బండిని భద్రంగా ఆపగలగాలి. ఆపలేనంత వేగంలో ఉంటే, గేర్లు ఎంత సొంపుగా మార్చినా ఆ డ్రైవింగు తప్పే.

పల్లె రోడ్డు వెళ్లి డ్యూయల్ క్యారేజ్‌వేలో కలిసింది. ఇన్‌స్ట్రక్టర్ తల ఊపాడు. ఇంజను గొంతు మారింది. మీ వీపు సీటుకు అతుక్కుంది. ముల్లు 100 మైళ్ల దగ్గరకు, అంటే గంటకు 160 కిలోమీటర్లకు చేరింది. సెకనుకు దాదాపు 45 మీటర్లు. మీరు రెప్ప వేసి తెరిచేలోగా పది మీటర్లకు పైగా రోడ్డు గడిచిపోయింది. ట్రైనీ గొంతులో మాత్రం తొందర లేదు.

"వెనక ఏముంది?"

"నీలం కారు సార్, రెండు వందల మీటర్లు. దూరమవుతోంది."

"తగ్గించు."

ఎందుకని అడగలేదు. వెంటనే తగ్గించాడు. ఊరి బోర్డు వచ్చింది, దాని మీద 30, అంటే గంటకు 48 కిలోమీటర్లు. బోర్డు దాటాక తగ్గించడం మొదలుపెడితే కుదరదు, బోర్డు దగ్గరకు వచ్చేసరికే ముల్లు 30 మీద ఉండాలి. ఆగి ఉన్న వ్యాను కింద నుంచి ఎవరి పాదాలైనా కనిపిస్తున్నాయేమో చూడాలి. ఇందాక 160లో వెళ్లినవాడే ఇప్పుడు 48లో వెళ్తూ అంతకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉన్నాడు. ఈ కోర్సు నేర్పదలచింది ఇదే.

ఈ పద్ధతి వెనక చాలా చరిత్ర ఉంది. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1930లలో హెండన్‌లో డ్రైవింగు స్కూలు పెట్టారు. పోలీసు కార్ల ప్రమాదాలు మితిమీరడంతో, రేసింగు అనుభవమున్న ఎర్ల్ ఆఫ్ కాటెన్‌హామ్‌ను సలహాకు పిలిచారు. రేసు డ్రైవర్ వచ్చి వేగం నేర్పి ఉంటాడని అనుకుంటాం. ఆయన రూపు దిద్దింది క్రమాన్ని. దాని ఇప్పటి రూపం ఇది: ముందు సమాచారం, తర్వాత రోడ్డు మీద స్థానం, ఆపైన వేగం, గేరు, చివరికి యాక్సిలరేటర్. ఆ పద్ధతే 1955లో 'రోడ్‌క్రాఫ్ట్' పుస్తకంగా వచ్చింది, ఇప్పటికీ పోలీసు డ్రైవర్లకు అదే పాఠ్యపుస్తకం. అందులో రెడ్ మిస్ట్ అనే ప్రమాదం గురించి హెచ్చరిక ఉంటుంది. పారిపోతున్న కారు మీదో, చేరాల్సిన చోటు మీదో మనసు పూర్తిగా లగ్నమైపోయి, మధ్యలో ఉన్న మనుషులు కనబడకుండా పోయే స్థితి అది.

ఇప్పుడు ఆ కారు దిగండి. కాలంలో వెనక్కి, 2003 డిసెంబరు 5 తెల్లవారుజాముకు రండి.

బర్మింగ్‌హామ్‌కు వాయవ్యంగా టెల్ఫోర్డ్ వైపు సాగే ఎం54 మోటార్‌వే. చీకటి. వెస్ట్ మెర్సియా పోలీసు కానిస్టేబుల్ మార్క్ మిల్టన్ వాక్స్‌హాల్ వెక్ట్రా కారు నడుపుతున్నాడు. అతను అడ్వాన్స్‌డ్ శిక్షణ పొందిన డ్రైవరు. అతను ఎవరినీ వెంటాడటం లేదు. ఎవరూ సాయం కోసం ఫోన్ చేయలేదు. కారు తీరు అలవాటు చేసుకుంటున్నానని తర్వాత చెప్పాడు. ముల్లు 159 మైళ్లకు చేరింది. గంటకు 256 కిలోమీటర్లు, సెకనుకు 71 మీటర్లు. బ్రిటన్ హైవే కోడ్‌లో ఆగే దూరాలకు ఇచ్చిన లెక్కను ఆ వేగం దాకా సాగదీస్తే, పొడి రోడ్డు మీద కారు ఆగడానికి 430 మీటర్లు దాటుతుంది. హెడ్‌లైట్ల వెలుగు అంత దూరం పోదు. ఖాళీగా కనబడుతున్న దూరంలో ఆపగలగాలన్న మొదటి సూత్రం ఆ చీకట్లో చెల్లలేదు. అదే రాత్రి 30 మైళ్ల పరిమితి ఉన్న చోట అతని కారు 84 మైళ్ల వేగంతో వెళ్లింది.

ఇదంతా బయటపెట్టింది ఆ కారులోని పోలీసు వీడియో కెమెరాయే.

కోర్టు హాల్లోకి వెళ్దాం. 2005 మేలో లడ్లో మెజిస్ట్రేట్ కోర్టు ప్రమాదకర డ్రైవింగు కేసులో మిల్టన్‌ను నిర్దోషి అంది. అతని అసాధారణమైన నేర్పును జడ్జి లెక్కలోకి తీసుకున్నారు. మీరు ఆ హాల్లో వెనక బెంచీ మీద ఉంటే అడగాలనిపించేది ఒకటే: ఆ వేళ ఏ నైట్ డ్యూటీ నర్సో కారు టైరు పంక్చరై రోడ్డు అంచున నిలబడి ఉంటే, ఎదుటివాడి నేర్పు ఆమెకేం తెలుసు? హైకోర్టు ఆ తీర్పును తిరగదోడింది. 2006లో మళ్లీ విచారించినప్పుడు అతను దోషి అని తేలినా శిక్ష వేయలేదు. 2007లో హైకోర్టు మళ్లీ, డ్రైవర్ నేర్పును పరిగణించవచ్చు అంది. 2009లో బానిస్టర్ అనే మరో పోలీసు డ్రైవర్ కేసులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. డ్రైవింగు ప్రమాదకరమా కాదా అని తేల్చేటప్పుడు నడిపినవాడి ప్రత్యేక నేర్పుకు చోటు లేదంది. 1984 నాటి చట్టం పోలీసులకు విధి నిర్వహణలో వేగ పరిమితి నుంచి మినహాయింపు ఇస్తుంది. ప్రమాదకరంగా నడపడానికి మాత్రం ఏ మినహాయింపూ లేదు.

2009 తీర్పుతో మరో ఇబ్బంది వచ్చింది. శిక్షణలో నేర్పినట్టే దొంగ కారును వెంటాడినా, మామూలు డ్రైవర్ ప్రమాణంతో చూస్తే అది నేరమయ్యే ప్రమాదం ఉండేది. ఇది అన్యాయమని పోలీసు సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2022 నవంబరు 30 నుంచి ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండ్‌లలో కొత్త కొలత అమల్లోకి వచ్చింది. పోలీసు డ్రైవర్‌ను ఇప్పుడు పోల్చేది, అదే శిక్షణ పొందిన సమర్థుడైన, జాగ్రత్తపరుడైన మరో కానిస్టేబుల్‌తో. నాకిది గొప్ప మార్పుగా కనిపిస్తుంది. నేనెంత గొప్ప డ్రైవర్‌నో చూడండని చెప్పుకునే వీలు దీంతో పోయింది. నేర్పించింది ఏమిటి, నువ్వు చేసింది ఏమిటి అన్నదే మిగిలింది. ట్రైనింగు స్కూల్లో రాసుకున్న పాఠం రేపు కోర్టులో కొలబద్ద అవుతుంది. కాబట్టి ఆ పాఠాన్ని రాసినవాళ్లకూ, చాలీచాలకుండా నేర్పి బండి తాళం చేతికిచ్చిన అధికారికీ అందులో బాధ్యత ఉంది.

ఇక మన ఇంటి దుఃఖం దగ్గరకు రావాలి.

అమెరికాలోని సియాటిల్. డెక్స్‌టర్ అవెన్యూ నార్త్, థామస్ స్ట్రీట్ కలిసే కూడలి. 2023 జనవరి 23, రాత్రి ఎనిమిది దాటింది. కాలిబాట మీద నిలబడండి. ఎదురుగా పాదచారులు దాటే గీతలున్నాయి. ఆ రోడ్డు మీద పరిమితి గంటకు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు. మన ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి, 23 ఏళ్లు, నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ సియాటిల్ క్యాంపస్‌లో మాస్టర్స్ చదువుతోంది. ఆమె రోడ్డు దాటుతోంది.

ఎవరో డ్రగ్స్ మోతాదు మించి తీసుకున్నారన్న కాల్‌కు ఒక పోలీసు ఎస్‌యూవీ వస్తోంది. లైట్లు వెలుగుతున్నాయి. సైరన్ ఆపకుండా మోగడం లేదు, కూడళ్ల దగ్గర మాత్రం కాసేపు కూసి ఆగుతోంది. వేగం 74 మైళ్ల దాకా పోయింది. గంటకు 119 కిలోమీటర్లు. 40లో బండ్లు వచ్చే చోట సెకనుకు 33 మీటర్ల చొప్పున దూసుకొచ్చే బండిని ఏ పాదచారి అంచనా వేయగలరు? గుద్దేటప్పుడు వేగం 63 మైళ్లు. ఆమె 138 అడుగుల దూరంలో పడింది. ఆ వేగం 50 మైళ్లకు మించకుండా ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదని పోలీసుల దర్యాప్తే తేల్చింది.

ఇందాక వెనక సీట్లో కూర్చుని విన్న కామెంటరీని ఈ వీధిలో మీరే చెప్పి చూడండి. ఊరి నడిబొడ్డు. రాత్రి. ముందు క్రాసింగ్, మనుషులుండొచ్చు. ఆ పాఠం తెలిసినవాడి నోట తర్వాత వచ్చే మాట "తగ్గిస్తున్నాను".

2024 ఫిబ్రవరిలో కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ ఆ ఆఫీసర్ మీద తీవ్ర నేరం మోపలేమన్నారు. తోటివారి భద్రతను అతను తెలిసి తెలిసి పట్టించుకోలేదని సందేహానికి తావు లేకుండా రుజువు చేయలేమన్నది కారణం. తర్వాత నగర అటార్నీ నిర్లక్ష్యపు డ్రైవింగుకు 5,000 డాలర్ల జరిమానా నోటీసు ఇచ్చారు. ఆ ఆఫీసర్ ఉద్యోగం 2025 జనవరిలో పోయింది. ప్రమాదం తర్వాత ఫోన్‌లో మాట్లాడుతూ నవ్వి, ఆమె ప్రాణానికి వెల కట్టిన ఇంకో పోలీసు అధికారిని 2024 జులైలో తొలగించారు. ఆ మాటలు లోకానికి తెలిసింది అతని ఒంటి మీది కెమెరా వల్లే.

రెండు దేశాలు అడిగిన ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చూడండి. సియాటిల్‌లో తీవ్ర నేరం కేసు అంతా డ్రైవర్ మనసులో ఏముందన్న చోట ఆగిపోయింది. మనసులోకి ఎవరూ తొంగిచూడలేరు, అందుకే అక్కడ న్యాయం దొరకడం కష్టం. బ్రిటన్ కొత్త చట్టం చూసేది శిక్షణ ప్రమాణాన్ని. ఆ ప్రమాణం కాగితం మీద ఉంటుంది, బండి వేగం యంత్రంలో ఉంటుంది. రెంటినీ పోల్చవచ్చు.

అయితే ఎం54 మీదా సియాటిల్‌లోనూ జరిగింది ఒకటే. యంత్రం సాక్ష్యాన్ని భద్రపరిచింది, పెద్దలు దాన్ని అంతా అయిపోయాకే విప్పి చూశారు. శిక్షణ జరిగినన్నాళ్లూ "తగ్గించు" అనడానికి పక్క సీట్లో మనిషి ఉంటాడు. సర్టిఫికెట్ చేతికొచ్చిన మర్నాటి నుంచి ఆ సీట్లో ఆ మనిషి ఉండడు. అతని బదులు ఎవరుండాలో ముందే రాసిపెట్టకపోతే శిక్షణ సగంలో ఆగిపోయినట్టే. బ్రిటన్‌లో కారును వెంటాడటం కొనసాగించాలంటే కంట్రోల్ రూమ్ అనుమతి కావాలి, ఆపమంటే ఆపాలి. అంటే వెంటాడే సమయంలో పక్క సీటు రేడియోలోకి మారింది. ఆ పర్యవేక్షణ మామూలు కాల్‌కు వెళ్లేటప్పుడూ, బండి అలవాటు చేసుకునేటప్పుడూ ఉండాలి.

హైదరాబాదు పోలీసులకు 2014లో కొత్త ఇన్నోవాలు వచ్చినప్పుడు మనం గర్వంగా చూశాం. 112కు ఫోన్ చేస్తే బండి త్వరగా రావాలని అందరం కోరుకుంటాం, కోరుకోవాలి కూడా. ఆ కోరికతో పాటు అడగాల్సినవి ఉన్నాయి. ఏ కాల్‌కు ఎంత వేగం చాలో రాసి ఉందా? ఊళ్లో సైరన్ లేకుండా పరిమితి దాటకూడదన్న నియమం ఉందా? డ్రైవర్‌కు నేర్పింది ఏమిటో, మళ్లీ ఎప్పుడు పరీక్ష పెట్టాలో రికార్డు ఉందా? ప్రమాదమేదీ జరగని మామూలు రోజుల్లో కూడా బండి వేగం చిట్టాను తీసి చూసే అధికారి ఎవరు? ఆయన పేరు మీద ఆ బాధ్యత ఉందా?

ఇవి పోలీసు మీద అపనమ్మకంతో అడిగే ప్రశ్నలు కావు. సాయానికి పరుగెత్తే కానిస్టేబుల్ కూడా ప్రాణాలతో ఇంటికి చేరాలి, ఒక కుటుంబం బతుకు తన చేతుల్లో కూలిందన్న భారంతో మిగలకూడదు. వేగంగా వెళ్లే అధికారం ప్రజలు ఇచ్చింది. దాన్ని ఎలా వాడారో చూసే హక్కు కూడా ప్రజలదే. ఆ చూడటం ప్రాణం పోయాక మొదలుకాకూడదు. బండి తాళం చేతికిచ్చిన రోజు నుంచే మొదలుకావాలి.