నాగ్‌ఫనీ వతన్ ఏది?



నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా చేలగట్ల మీద, రాళ్లదిబ్బల మీద నాగజెముడు పొదలు కనిపిస్తుంటాయి. ఉర్దూలో నాగ్‌ఫనీ అంటారు, అంటే నాగుపాము పడగ. రెండు జబాన్లలోనూ పాము పేరే. పేరు ఇంతగా కలిసిపోయింది కాబట్టి ఈ మొక్క ఈ జమీన్‌లోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. తారీఖ్ మాత్రం వేరే కిస్సా చెబుతుంది.

నాగజెముడు అసలు వతన్ అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అక్కడికి చేరకముందు మన ముల్కులో దీన్ని చూసినవాళ్లు లేరు. బ్రహ్మజెముడు మాత్రం ఇక్కడిదే. రెండూ ఒకే ఖాందాన్ అనుకుంటాం గానీ కాదు. గిల్లితే పాలు కారేది బ్రహ్మజెముడు, కారనిది నాగజెముడు.

దీనివెనుక పెద్ద తిజారత్ ఉంది. మెక్సికోలో నాగజెముడు మీద కొచినీల్ అనే చిన్న పురుగు బతుకుతుంది. దాన్ని ఎండబెట్టి నూరితే గాఢమైన లాల్ రంగు వస్తుంది. ఆ దౌలత్ అంతా స్పెయిన్ చేతిలో ఉండేది. బ్రిటిష్ అఫ్సర్ల ఎర్రకోట్లకు ఈ రంగే కావాలి. అందుకే ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. 1780ల చివర్లో మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో నాగజెముడు తోట వేయించాడు. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి పురుగును కలకత్తాకు తెచ్చాడు. కానీ అది నాసిరకం. రంగు సరిగా రాలేదు, పైగా పురుగు మొక్కనే తినేసింది.

కంపెనీకి అది నుక్సాన్. అయినా ఆ నుక్సాన్ నుంచే ఒక తర్కీబ్ దొరికింది. 1836-38 మధ్య అదే పురుగును దక్షిణాదికి తెచ్చి, చేలను కమ్మేసిన నాగజెముడు మీద వదిలారు. కలుపును పురుగుతో అణచడంలో ప్రపంచంలోని తొలి కామ్యాబీల్లో ఇది ఒకటి. అయితే ఆ పురుగు తినని మరో రకం నాగజెముడు తర్వాత పెరిగింది. దానికోసం 1926లో సిలోన్ నుంచి ఇంకో జాతి పురుగును తెప్పించాల్సి వచ్చింది.

ఆ తొలి పురుగు వచ్చిన రోజుల్లోనే, 1839లో, కంపెనీ కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఖైదు చేసి రాజ్యం తీసుకుంది. తిజారత్ కోసం వచ్చినవాళ్లు హుకూమత్ అయ్యారు. వాళ్లు తోటలు వేసి పెంచిన మొక్క మాత్రం కలుపు అయింది.

అరబీలో సబ్ర్ అంటే ఓర్పు. ఫలస్తీన్‌లో నాగజెముడును సబ్ర్ అనే పిలుస్తారు. అక్కడికీ ఇది అమెరికా నుంచే వచ్చింది. ఊళ్ల చుట్టూ కంచెగా నాటేవారు. 1948లో జనం వెళ్లగొట్టబడిన ఊళ్లలో ఇళ్లు నేలమట్టమైనా, చాలాచోట్ల ఆ కంచెలు మళ్లీ మొలిచాయి. ఇక్కడ ఊరుండేదని గవాహీ ఇస్తున్నది ఆ పరదేశీ మొక్కే.

"మీరెక్కడి నుంచి వచ్చారు?" అని మనల్ని అడిగేవాళ్లు అప్పుడప్పుడు తగులుతుంటారు. వాళ్ల పళ్లెంలోని మిరపకాయా, వాళ్ల చేలోని వేరుశనగా నాగజెముడుతోపాటు అమెరికావే. సీమ కారాన్ని పరదేశీ అని ఎవరూ అనరు. ఎప్పుడొచ్చింది అని కాకుండా, ఈ మట్టిని ఎంత పట్టుకుంది అని చూడాలి.

ఇంట్లో పెంచాలనుకునేవాళ్లకు ఒక మాట. ఎర్రపూలు కావాలంటే ముళ్లు తక్కువగా ఉండే కొచినీల్ జాతినే నర్సరీలో అడగండి. ఒక మట్ట కోసి, కోసినచోట తడి ఆరేదాకా వారం రోజులు నీడలో ఉంచండి. మన నల్లరేగడిలో నాటితే నీళ్లు నిలిచి కుళ్లుతుంది. ఇసుక, గులకరాళ్లు కలిపిన ఎర్రమట్టి మేలు. సన్నని నూగుముళ్లు చర్మంలో దిగుతాయి కాబట్టి మడిచిన కాగితంతో పట్టుకోండి, పిల్లలకు అందనివ్వకండి. మట్టల మీద తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే పుల్లతో నలిపి చూడండి. ఎర్రగా రంగు దిగుతుంది. కంపెనీ సముద్రాలు దాటి వెతికిన లాల్ రంగు అదే.