సంఘ నాయకత్వమునకు పూర్వసన్నాహము: గోదావరీ సీమ చరిత్ర చెప్పు పాఠము



మన సంఘ వార్షిక మహాసభ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వంశప్రశస్తియు, గోత్రముల పట్టికయు ఇట్టి సంచికలలో పలుమారు వెలువడియేయున్నవి. కావున నేను వేఱొక విషయమును గైకొంటిని. మన సీమలో సంఘములను స్థాపించినవారి చరిత్రము మనకు కొంతకుఁ గొంత తెలియును. స్థాపించుటకు ముందు వారెట్లు సిద్ధపడిరో, తమ తరువాతివారి చేతికి సంఘము నెట్లప్పగించిరో విచారించువారు అరుదు. నూతన కార్యవర్గము నెన్నుకొనఁబోవు ఈ తరుణమున ఆ విచారణయే మనకు మిక్కిలి యావశ్యకమని నా తలంపు.

మొదట రాగిరేకుల మాట చెప్పెదను. రామచంద్రపురపు సీమలోని టేకి గ్రామమున దొరకిన తామ్రశాసనము పదునొకండవ శతాబ్ది యుత్తరార్ధమునాఁటిది. కులోత్తుంగ చోళుని కుమారుఁడై వేంగీదేశము నేలిన రాజరాజ చోడగంగు దానిని దయచేసెను. తెలికి వేవురని ప్రసిద్ధులైనవారి సంతతికి వివాహములందు గుఱ్ఱమెక్కి యూరేగుట మొదలగు గౌరవములు అందు ప్రసాదింపఁబడినవి. ఆ గౌరవము ఎవరికి, ఏ హేతువుచేత, ఏ విధమునఁ జెల్లవలెనో వ్రాసి యుంచుటచేతనే తొమ్మిది వందల యేండ్లు గడచినను మనకుఁ దెలియుచున్నది. ఆ కాలమున నోటిమాటగా నడచిన మర్యాదలు ఇంకెన్ని యుండెనో! అవి యెల్ల గోదావరిలోఁ గలసిపోయినవి. వ్రాఁత లేని సంఘమునకు జ్ఞాపకము లేదు. జ్ఞాపకము లేని సంఘమునకు ప్రతి సంవత్సరమును మొదటి సంవత్సరమే.

ఈ సంగతి మన పూర్వులు శాస్త్రముగనే చెప్పిరి. 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేఁబడి, 1909లో అచ్చైన కౌటిలీయార్థశాస్త్రమున అక్షపటలమను ప్రకరణ మొకటి గలదు. లెక్కలకు 354 దినములు సంవత్సరమనియు, అది ఆషాఢ పూర్ణిమతో ముగియుననియు, ఆ దినమునకు అధికారులు తమ పుస్తకములతో వచ్చి లెక్క యొప్పగింపవలెననియు అందు విధింపఁబడినది. కాలమునకు రానివానికిని, పుస్తకము తేనివానికిని దండనము చెప్పఁబడెను. వాఁడు ధనము నపహరించెనా లేదా యనునది వేఱు ప్రశ్నము. లెక్క సిద్ధముగా నుంచకపోవుటయే ఒక తప్పిదమని ఆ శాస్త్రకారుని యభిప్రాయము.

ఇఁక మన రాజమహేంద్రవరమునకు వత్తము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848లో ఇచ్చట జన్మించిరి. వారి యభిప్రాయములతో మన పెద్దలలో కొందఱు ఏకీభవింపలేదన్న మాట నిజము. అభిప్రాయముల మాట యెట్లున్నను, వారు పనిచేసిన క్రమమును చూడుఁడు. 1874లో వివేకవర్ధనీ పత్రికను ప్రకటించిరి. ఆ యేఁటనే ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పిరి. 1878లో సంఘసంస్కరణ సమాజమును స్థాపించిరి. 1879లో వితంతు వివాహమునుగూర్చి బహిరంగముగా నుపన్యసించిరి. ఇవన్నియు జరిగిన పిమ్మట 1881 డిసెంబరు 11వ తేదిని మొదటి వివాహము నడపిరి. ఒక్క వివాహమునకు ఏడేండ్ల సన్నాహ మన్నమాట.

ఆ సన్నాహమున పత్రికవలన మాట పదిమందికిఁ జేరెను. పాఠశాలవలన గృహస్థుల పరిచయము కలిగెను. సమాజమువలన బసవరాజు గవర్రాజుగారివంటి తోడివారు లభించిరి. కాకినాడలోని పైడా రామకృష్ణయ్యగారి ఔదార్యముచే ధనము సమకూడెను. ముహూర్తము వచ్చునప్పటికి వెలి భయముచేత బంధువులు తొలఁగినను, వంటవారును పురోహితులును దొరకుట దుర్లభమైనను, పని నిలిచిపోలేదు. నిలుచువా రెవరో పంతులుగారికి ముందే తెలిసియుండెను. ధైర్యము వారికి సహజగుణమని మనము పొగడుదుము. ఆ ధైర్యమునకు ఆధారముగా ఏడేండ్ల పని యున్నదని మఱవరాదు.

అంతకంటెను గొప్ప విషయ మింకొకటి గలదు. పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి సమర్పించిరి. 1919లో వారు కీర్తిశేషులైరి. వారితో వారి పని పోలేదు. వారి పేరను, వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారి పేరను విద్యాలయములు ఆ నగరమున వెలసినవి. ఆస్తి తన పేర నుంచుకొని, పని తన బుద్ధిలో నుంచుకొన్నవాని సంఘము వానితోడనే పోవును. ఆస్తిని సంఘము పేరను, పనిని నియమావళియందును ఉంచినవాని సంఘము తరువాతివారి చేతికి వచ్చును.

గ్రంథాలయోద్యమ చరిత్రమును ఇట్టిదే. తూర్పు గోదావరి సీమలోని కొంకుదురున 1890లో జనించిన అయ్యంకి వేంకటరమణయ్యగారు, ఊరూరను విడివిడిగా పుట్టుచున్న గ్రంథాలయముల నొక్క త్రాటఁ గూర్పఁ దలపెట్టిరి. 1914 ఏప్రిలు 10వ తేదిని బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగెను. రాజమహేంద్రవర వాస్తవ్యులును, అంధులయ్యు ఆంధ్ర సాహిత్యమునకుఁ గన్నులైనవారును నగు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. పీఠమున చిలకమర్తివారి పేరు ప్రకాశించెను. ఆ పీఠమునకు వెనుక రమణయ్యగారి ఉత్తర ప్రత్యుత్తరములును, గ్రంథాలయముల పట్టికలును ఉండెను. సభకు అధ్యక్షుఁడు శోభ, కార్యదర్శి ప్రాణము. రాజమహేంద్రవరమున 1898లో వాసురాయ గ్రంథాలయము స్థాపింపఁబడెను. నాళము కృష్ణారావుగారి కృషిచే అది 1920లో గౌతమీ గ్రంథాలయములోఁ గలసి నేఁటికిని చదువరుల నాదరించుచున్నది. పుస్తకముల పట్టిక సరిగా నున్న సంస్థలనే ఒకదానితో నొకటి చేర్చ వీలగును.

అన్యదేశముల వాడుకయు నొకటి చెప్పెదను. లండను నగరమున 1717లో నాలుగు శాఖలు కూడి ఫ్రీమేసనుల మహాసంఘ మేర్పడెను. 1723లో వారి నియమగ్రంథము అచ్చుపడెను. వారి మతము, వారి రహస్యములు మనకుఁ బనిలేదు. వారి యేర్పాటొకటి మాత్రము గమనింపఁదగినది. చిన్న పదవి మొదలుకొని మెట్టు మెట్టుగా నెక్కిన సభ్యుఁడు, అధ్యక్షునికి దిగువనున్న పదవిలో సంవత్సరము పనిచేసినఁగాని పీఠ మెక్కుట కర్హుఁడు కాఁడు. కావున రేపటి అధ్యక్షుఁడు నేఁడే సభలోఁ గూర్చుండి పని నేర్చుకొనుచుండును. మన గురుకులములందు శిష్యుఁడు సమిధలు తెచ్చుటతో నారంభించి వేదము చెప్పుటవఱకు వచ్చిన క్రమమిదియే కదా.

ఇఁక మన సంగతి. నేను ఉపాధ్యాయుఁడనై యున్న కాలమున ఒక గ్రామమున విద్యార్థి సహాయనిధి యొకటి యుండెను. దాని యధ్యక్షులు నిష్కళంకులు. రసీదులు, బ్యాంకు కాగితములు, చందాదారుల పేర్లు అన్నియు తమ యింటి బీరువాలోను, తమ మనస్సులోను పదిలముగా నుంచుకొనిరి. ఒక వేసవిలో వారు హఠాత్తుగా స్వర్గస్థులైరి. ఏ కాగితమెక్కడ నున్నదో వారి కుమారులకుఁ దెలియదు. ఏ విద్యార్థికి ఎంత యిత్తుమని మాట యిచ్చిరో కార్యవర్గమునకుఁ దెలియదు. నిధి యెక్కడికిని పోలేదు. అయినను దానిని కదలించుటకు పదునాలుగు మాసములు పట్టెను. ఆ లోపల ఇంటర్మీడియటు చదువుచున్న నా శిష్యుఁ డొకఁడు రుసుము చెల్లింపలేక చదువు మాని, రొయ్యల చెఱువుపైఁ గావలి పనికిఁ బోయెను. అధ్యక్షుల సత్యసంధత యా బాలునకు అక్కఱకు రాలేదు. ఒక్క పుస్తకము కార్యదర్శి చేత నుండినచో వచ్చియుండెడిది.

కావున రేపు సంఘభారము వహింపఁగోరు మన యువకులకు నా మనవి యిది. పీఠమునకు ముందు ఒక సంవత్సరము కార్యదర్శికిఁ గాని, కోశాధికారికిఁ గాని సహాయులై పనిచేయుఁడు. గత పదేండ్ల సభాతీర్మానములను చదువుఁడు. వానిలో ఏవి నెఱవేఱినవో, ఏవి కాగితముననే నిలిచినవో గుర్తువేసికొనుఁడు. తీర్మానముల పుస్తకము, జమాఖర్చు చిట్టా, సభ్యుల పట్టిక, దస్తావేజుల జాబితా అను నాలుగింటికిని రెండేసి ప్రతులుంచి, ఒక ప్రతిని వేఱు ఊర భద్రపఱచుఁడు. 1986 నాఁటి వఱదను చూచిన మన సీమవారికి దీని కారణము చెప్పనక్కఱలేదు. నేఁడు యంత్రములందు దాఁచుకొను సౌకర్యము గలదు. దాని తాళపుమాట ఒక్కనికే తెలిసినచో అదియు పాత బీరువాయే. సంవత్సరపు పనులను మాసవారీగా ముందే వ్రాసికొనుఁడు: పరీక్షా ఫలితముల మాసమున విద్యార్థి వేతనములు, ఆడిటు, సర్వసభ్య సమావేశము, 2001 నాఁటి సంఘముల చట్టముననుసరించి రిజిస్ట్రారునకుఁ బంపవలసిన కార్యవర్గపు పట్టిక. అన్నిటికంటె ముఖ్యముగా, మీరు పీఠ మెక్కిన దినముననే మీ తరువాతివాని నొకని ప్రక్కఁ గూర్చుండఁబెట్టుకొనుఁడు.

పెద్దలకును, పోషకులకును ఒక్క మాట. మీరు దానము చేసిన ధనమునకు లెక్క యడుగుట అవమానము కాదు; అడుగకుండుటయే యుపేక్ష. చిన్నవారికి పని చూపక పదవి చూపినచో వారికిఁ దగవులు వచ్చును గాని పని రాదు. మన వసతిగృహమున నేఁడు చదువుకొనుచున్న బాలబాలికలకు మన వంశప్రశస్తి కంటె వచ్చు జూనునెలలో రుసుము వేళకుఁ జెల్లుటయే ముఖ్యము. ఈ మహాసభ వారిని దృష్టియం దుంచుకొని తన కార్యవర్గము నెన్నుకొనుఁగాక యని ప్రార్థించుచున్నాను.

శుభం భూయాత్.