చొమ్‌సొంగ్‌డే: సిల్లా రాణి కట్టించిన నక్షత్రశాల

కొరియా దేశపు ఆగ్నేయభాగమున గ్యోంగ్జు అను నగరము కలదు. పూర్వమది సిల్లా రాజులకు రాజధాని. అచ్చటి చదునునేలపై, మెడ సన్నని కూజావలె కన్పట్టు రాతికట్టడ మొకటి నిలిచియున్నది. దానిని చొమ్‌సొంగ్‌డే యందురు. నక్షత్రములను వీక్షించు వేదిక యని ఆ పేరున కర్థము. ఎత్తు సుమారు 30 అడుగులు. క్రీ. శ. 632 మొదలు 647 వఱకు రాజ్యమేలిన సొండొక్ రాణి కాలమున ఇది వెలసినదని ప్రసిద్ధి.

తండ్రికి పుత్రసంతానము లేమిచే ఆమె సింహాసన మధిష్ఠించెను. మన రుద్రమదేవి వృత్తాంతము పాఠకులకు స్ఫురింపక మానదు. చిత్రమేమన, ఈ కట్టడమును పేర్కొన్న ‘సంగుక్ యూసా’ యను గ్రంథమును ఇర్యొన్ అను బౌద్ధభిక్షువు 13వ శతాబ్దమున, ఓరుగంట కాకతీయు లేలుచున్న కాలముననే రచించెను. అందును దీనిని గూర్చి యున్నది ఒక్క వాక్యమే. అంతకు పూర్వము 1145లో ముగిసిన ‘సంగుక్ సాగి’ యను రాజచరిత్రలో ఆ మాత్రమును లేదు.

చతురస్రమైన పీఠముపై, చెక్కిన రాళ్లను వలయములుగా 27 వరుసలు పేర్చిరి. కొనయందు నూతిగట్టు చట్రమువలె అడ్డదూలముల నమర్చిరి. ద్వారము లేదు. నడిమి యెత్తున దక్షిణాభిముఖముగా ఒక గవాక్షము మాత్రము కలదు. దానికి దిగువను 12 వరుసలు, ఎగువను 12. దిగువభాగమంతయు మట్టితో నింపబడినది. నిచ్చెన వేసి గవాక్షమున జొచ్చి, లోపలినుండి కొనకు బ్రాకిరని ఊహ. 27 అనగానే అశ్విన్యాది నక్షత్రములు తలపునకు వచ్చుట సహజమే. కాని అచ్చట చీనా పద్ధతిని 28 లెక్కింతురు. కొన రాళ్లను ఒక వరుసగా కలిపి 28 చేసినవారును కలరు. సొండొక్ సిల్లా వంశమున 27వ పాలకురాలు గనుక వరుసలు 27 అనువారును కలరు. మొత్తము రాళ్లు సంవత్సరదినముల కించుమించు సమానమందురు గాని, ఒకరి లెక్కతో మఱియొకరి లెక్క కుదురదు. ఏ రాయిని కలుపవలెనో, దేనిని విడువవలెనో ముందే నిశ్చయించుకొన్నచో ఏ మొత్తమైనను సరిపోవును!

ఇంత యిఱుకైన చోట రేయెల్ల చుక్కలు చూచుట యెట్లు, ఇది మేరుపర్వతమునకు ప్రతీకగా నిలిపిన బౌద్ధవేదిక కాదా యని కొందఱు పండితులు శంకించిరి. శంక నిరాధారము కాదు. అయినను ఆ నామమును, అంతఃపుర సామీప్యమును త్రోసివేయరాదు. ఆకాశమును చదువుట నాడు రాజ్యతంత్రములో నొక భాగము.

అందులకు ఆ రాణి చివరిదినములే నిదర్శనము. 647లో బిదమ్ అను ప్రధాని, స్త్రీ రాజ్యమేలజాలదని తిరుగుబాటు చేసెను. ఒక రాత్రి రాణిపక్షమున్న కోటవైపు పెద్ద చుక్క రాలినది. రాణి కిది అపజయసూచకమని విరోధులు కేకలు వేసిరి. సేనాని కిమ్ యూసిన్ గడ్డిబొమ్మకు నిప్పంటించి, గాలిపటమునకు కట్టి పైకెగురవేయించెను. రాలిన చుక్క మరల మింటి కెక్కినదని మఱునాడు వదంతి పుట్టించెను. సైన్యము ధైర్యము తెచ్చుకొని తిరుగుబాటు నణచినది. ఆ కల్లోలముననే సొండొక్ కన్నుమూసెను. ఆమె వెనుక గద్దెనెక్కినదియు స్త్రీయే, జిండొక్ రాణి.

2016 సెప్టెంబరు 12న గ్యోంగ్జులో 5.8 తీవ్రతగల భూకంపము సంభవించినది. కొనరాళ్లు కొన్ని అంగుళములలోపున జరిగినవి, కట్టడము రవ్వంత యొరిగినది. పడిపోలేదు.